మోకాలు నొప్పి, తుంటి జబ్బు



ఈ వేళ మీకు ఒక జబ్బు చరిత్ర చెబుతాను. జబ్బుకు చరిత్రెందుకు, మందేదో చెబితే చాలదా అనుకుంటున్నారేమో. ఈ జబ్బుకు మింగించే మందంటూ లేదు. దీని కథ తెలిస్తే మాత్రం తల్లికి కాస్త ధైర్యం వస్తుంది, కాలం వృథా కాకుండా వుంటుంది. అందుకే చరిత్రతోనే మొదలుపెడతాను. ముందుగా మా ఇంటి సంగతి ఒకటి.

1974లో మా తమ్ముడికి ఆరేళ్ళు. కాలు ఒకచోట నిలవని పిల్లవాడు. ఓ సాయంత్రం బడి నుంచి కాస్త కుంటుతూ వచ్చాడు. ఏమిట్రా అంటే మోకాలు నొప్పి అన్నాడు. "ఎక్కడో గోడ దూకి వుంటాడు వెధవ" అంది మా బామ్మ. అమ్మ నువ్వుల నూనె వెచ్చచేసి మోకాలికి రాసింది. రెండు రోజులు బాగున్నాడు, మళ్ళీ కుంటాడు. ఆడుకున్న రోజు ఎక్కువ, ఇంట్లో వున్న రోజు తక్కువ. జ్వరం లేదు, వాపు లేదు, అన్నం మామూలుగానే తింటున్నాడు. అలా నూనెలతో రెండు నెలలు, నాటు వైద్యుడి కట్టుతో ఇంకో రెండు నెలలు గడిచాయి. మోకాలికి ఎక్స్‌రే తీయిస్తే అందులో ఏమీ లేదన్నారు.

ఆఖరికి ఒక డాక్టరుగారు పిల్లవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు ముట్టుకోకుండా, తొడను లోపలికీ బయటికీ తిప్పి చూశారు. "తుంటికి ఎక్స్‌రే తీయించండి" అన్నారు. బామ్మకు కోపం వచ్చింది. "నొప్పి మోకాల్లో అయితే తుంటి చూడటమేమిటి! మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమంటే ఇదే" అంది. కానీ ఆ ముడి నిజమైనదే. తుంటికి వచ్చే నరమే కిందికి దిగి మోకాలికీ పోతుంది. అందుకని తుంటిలో పుట్టిన నొప్పి పిల్లలకు మోకాల్లో వున్నట్టు తోస్తుంది.

ఆ ఎక్స్‌రే చూసిన మొదటాయన క్షయ కావచ్చునన్నాడు. ఆ మాట విన్న రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అమ్మ తమ్ముడికి కంచం వేరే పెట్టింది, గ్లాసు వేరే పెట్టింది. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. మరో నాలుగు నెలలకు గానీ, ఇంకో వూళ్ళో పెద్ద డాక్టరుగారు చూసి, "ఇది క్షయ కాదమ్మా, పెర్తెస్ జబ్బు" అని చెప్పలేదు. ఆ పేరు మాకెవరికీ నోరు తిరగలేదు.

తరవాత తెలుసుకున్నదేమిటంటే, మా ఇంట్లో జరిగిన పొరపాటే అంతకు ముందు ప్రపంచమంతా జరిగింది. తుంటి నొప్పితో కుంటే పిల్లవాడు కనపడితే క్షయ అనేయడం యూరప్ లోనూ, అమెరికా లోనూ రివాజుగా వుండేది. అందులో వింతేమీ లేదు. ఆ రోజుల్లో ఎముకల క్షయ అంత విరివిగా వుండేది. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టాడు గానీ, దాన్ని చంపే మందు 1940ల దాకా రాలేదు. వున్న వైద్యమల్లా విశ్రాంతి ఒక్కటే. ఇంగ్లండులో లివర్‌పూల్ నగరంలో హ్యూ ఓవెన్ థామస్ అనే వైద్యుడుండేవాడు. వాళ్ళ నాన్నగారు మన నాటు వైద్యుల్లాగే ఎముకలు కట్టే మనిషి. కొడుకు డాక్టరు చదువు చదివాడు. కీలు జబ్బులకు విశ్రాంతి కావాలి, అది గట్టిగా అమలు జరగాలి, మధ్యలో ఆగకూడదు, చాలాకాలం సాగాలి అన్నది ఆయన సిద్ధాంతం. అందుకోసం ఇనప చట్రాలు తయారుచేసి పిల్లల కాళ్ళు కదలకుండా బిగించేవాడు. ఫ్రాన్సులో ఉత్తర సముద్రతీరాన బెర్క్ అనే వూరుంది. సముద్రపు గాలి మంచిదని ఎముకల క్షయ వచ్చిన పిల్లల కోసం అక్కడ పెద్ద పెద్ద ఆస్పత్రులు వెలిశాయి. పిల్లలు నెలలు కాదు, ఏళ్ళ తరబడి మంచాల మీదే వుండేవారు.

వాళ్ళలో కొందరికి అసలు క్షయే లేదన్న సంగతి ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? తుంటి కీలు ఒంటి లోపల, కండల అడుగున వుంటుంది. పైనుంచి చేత్తో తడిమితే తెలిసేది కాదు.

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌ కిరణాలు కనిపెట్టాడు. దాంతో మొదటిసారి బతికివున్న పిల్లవాడి తుంటిని కోయకుండా చూడటం వీలైంది. పదిహేనేళ్ళు తిరగకుండానే కొందరు డాక్టర్లకు అనుమానం మొదలైంది. ఇంచుమించు ఒకే కాలంలో, ఒకరి పని ఒకరికి తెలియకుండా, వేరు వేరు దేశాల్లో వాళ్ళు ఒకే జబ్బును చూశారు.

అమెరికాలో బోస్టన్ పిల్లల ఆస్పత్రి డాక్టరు ఆర్థర్ లెగ్. ఆయన 1909 జూన్‌లో ఒక వైద్యుల సభలో అయిదుగురు కుంటే పిల్లల గురించి చదివి, 1910 ఫిబ్రవరిలో అచ్చువేయించాడు. అది అంతుబట్టని తుంటి జబ్బని శీర్షికలోనే ఒప్పుకున్నాడు. 1910 జులైలో ఫ్రాన్సు నుంచి జాక్ కాల్వే రాశాడు. ఆయన పనిచేసింది ఇందాక చెప్పిన బెర్క్‌లోనే. తుంటి క్షయ అని గుట్టలుగా పడివున్న ఎక్స్‌రేలను మళ్ళీ తిరగేసి, అందులో పదిమంది పిల్లలది క్షయ కాదని విడదీశాడు. అదే ఏడు అక్టోబరులో జర్మనీలో ట్యూబింగెన్ నగరం నుంచి గేయోర్గ్ పెర్తెస్ ఆరుగురు పిల్లల సంగతి రాశాడు. ముగ్గురి పేర్లూ కలిపి లెగ్-కాల్వే-పెర్తెస్ జబ్బు అన్నారు. పలకడానికి తేలికని మన డాక్టర్లు పెర్తెస్ అంటారు.

నాలుగో ఆయన కూడా వున్నాడు. స్వీడన్‌లో హెన్నింగ్ వాల్డెన్‌స్ట్రామ్. ఆయన అందరికంటె ముందు, 1909లోనే, ఈ పిల్లలను చక్కగా వర్ణించాడు. కానీ ఇది ఒక మెతకరకం క్షయేనని నమ్మాడు. కళ్ళెదుట వున్నదంతా చూసి కూడా అలవాటైన పేరే పెట్టాడు. అందుకే జబ్బు పేరులో ఆయన పేరు చేరలేదు. తరవాత తన అభిప్రాయం మార్చుకుని, ఈ జబ్బు ఏయే దశలు దాటి మానుతుందో వివరంగా రాశాడు. ఈనాటికీ డాక్టర్లు ఆ దశలనే కొంచెం సవరించి వాడుకుంటున్నారు.

క్షయ కాదని వాళ్ళు ఎలా పోల్చుకున్నారు? ఏ తల్లికైనా అర్థమయ్యే గుర్తులే అవి. క్షయ పిల్లవాడు చిక్కిపోతాడు, సాయంత్రాలు జ్వరం తగులుతుంది, కీలు బిగుసుకుపోతుంది, చీము పడుతుంది. ఈ పిల్లలు హుషారుగా వున్నారు. కాలు కొంత బిగిసినా పూర్తిగా పట్టెయ్యలేదు, చీము లేదు. ఎక్స్‌రేలో కీలు సందు తరిగిపోలేదు. ఎముక తల మాత్రం నలిగి చదునుగా వుంది. అన్నిటికంటె ఆశ్చర్యం, రెండు మూడేళ్ళు గడిచేసరికి చాలామందికి అది తనంతట తానే మానింది.

అసలీ కీలు ఎలా వుంటుందో చెబుతాను. మన రుబ్బురోలు గుర్తు తెచ్చుకోండి. రోటి గుంటలో పొత్రం ఎలా తిరుగుతుందో, నడుము ఎముకలోని గుండ్రటి గుంటలో తొడ ఎముక తల అలా తిరుగుతుంది. తల నున్నగా, గుండ్రంగా వున్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. ఆ తలకు నెత్తురు తెచ్చే నాళాలు చిన్నపిల్లల్లో బహు సన్నంగా వుంటాయి. ఎందువల్లనో ఆ నెత్తురు తగ్గిపోతుంది. అప్పుడు ఎముక తల చచ్చుబడి, మెత్తబడుతుంది. ఒళ్ళు ఆ పాత ఎముకను కొంచెం కొంచెంగా కరిగించి తీసేస్తుంది. నెత్తురు మళ్ళీ పారుతుంది, కొత్త ఎముక పుడుతుంది, గట్టిపడుతుంది. ఇదంతా జరగడానికి రెండు నుంచి నాలుగేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పెద్దవాళ్ళలో చచ్చిన ఎముక తల ఇలా తిరిగి పుట్టదు. పసివాళ్ళ కిది దేవుడిచ్చిన వరమనుకోండి.

మరి బాధేమిటి? ఎముక తిరిగి వస్తుంది గానీ ఏ ఆకారంలో వస్తుందన్నదే ప్రశ్న. గుండ్రంగా వస్తే పిల్లవాడు జీవితాంతం హాయిగా నడుస్తాడు. చదునుగా, అప్పడం అంచులా బయటికి పొడుచుకుని వస్తే నలభై, యాభై ఏళ్ళకే కీళ్ళవాతం పట్టుకుంటుంది.

ఆకారం ఎలా కాపాడాలన్నది తెలియడానికి వైద్యులకు మరో యాభై, అరవై ఏళ్ళు పట్టింది. మొదట అనుకున్నది ఇది. ఎముక మెత్తగా వుంది, బరువు పడితే నలిగిపోతుంది, కనుక బరువు పడనివ్వకూడదు. క్షయ నుంచి పేరు వేరైంది గానీ వైద్యం పాతదే నిలిచిపోయింది. పిల్లలను మళ్ళీ మంచాలకు కట్టారు. కాళ్ళకు బరువులు వేలాడదీసి ఏడాది, రెండేళ్ళు, ఒక్కోచోట అంతకంటె ఎక్కువ కాలం ఆస్పత్రుల్లోనే వుంచారు. తల్లిదండ్రులు వచ్చిచూడటానికి వేళలు పెట్టారు. జబ్బు మానేసరికి పిల్లవాడికి ఇల్లు కొత్త అయ్యేది. అంత చేసినా కొందరికి తల చదునుగానే వచ్చేది. పడుకున్నా కండలు లాగుతూనే వుంటాయి కనుక కీలు మీద ఒత్తిడి పూర్తిగా పోదు.

తరవాత మెల్లిగా వేరే ఆలోచన వచ్చింది. చలిమిడి ఉండను గుండ్రటి గిన్నెలో పెట్టి కదిపితే గిన్నె రూపానికే వస్తుంది. సగం గిన్నె అంచు మీదికి వచ్చేలా పెట్టి అదిమితే అక్కడ నొక్కుపడి అణిగిపోతుంది. మెత్తబడిన ఎముక తల కూడా అంతే. అది గుంట లోపల పూర్తిగా వుంటే, కదులుతూ వున్నా సరే, గుంట అచ్చులోనే గుండ్రంగా పెరుగుతుంది. కెనడాలో టొరంటో డాక్టరు రాబర్ట్ సాల్టర్ పంది పిల్లల మీద పరీక్షలు చేసి ఈ సంగతే చూపించాడు. తలను గుంటలోకి తేవడానికి మార్గం కాళ్ళు ఎడంగా పెట్టడం. 1971లో మాంట్రియల్ నగరం నుంచి పెట్రీ, బిటెంక్ అనే ఇద్దరు డాక్టర్లు తమ పద్ధతి ప్రకటించారు. రెండు కాళ్ళకూ ప్లాస్టరు వేసి, ఎడంగా వుంచి, మధ్యలో కర్ర బిగిస్తారు. పిల్లవాడు మంచాన పడి వుండక్కర్లేదు, ఆ కట్టుతోనే కర్రల సాయంతో నడవచ్చు.

మా తమ్ముడికి వేసింది ఆ కట్టే. కాళ్ళు ఎడంగా, మధ్యలో అడ్డకర్ర. మా ఇంటి గుమ్మంలోంచి వాణ్ణి పక్కకు తిప్పి లోపలికి తేవాల్సివచ్చేది. రిక్షాలో పట్టేవాడు కాదు. ఇరుగుపొరుగు వాళ్ళు వింతగా చూసేవారు. కొన్ని వారాలకోసారి కట్టు విప్పి, కీలు కదిలించి, మళ్ళీ వేసేవారు. కానీ వాడు మా మధ్యే వున్నాడు. వాకిట్లో కూర్చుని గోళీలాడాడు. ఇరవై ఏళ్ళ ముందు పుట్టివుంటే, దొరికిన వైద్యం మంచమే అయ్యేది.

అదే 1971లో లండన్ డాక్టరు ఆంథొనీ కాటరాల్ ఇంకో మంచిపని చేశాడు. ఏ వైద్యమూ జరగని పిల్లలను పరిశీలించాడు. వాళ్ళలో సగానికి పైగా చక్కగానే బాగయ్యారు! అంటే అంతవరకు వైద్యం వల్ల నయమైందని చెప్పుకున్న వాళ్ళలో చాలామంది ఊరకే వున్నా నయమయ్యేవారేనన్న మాట. ఏ పిల్లవాడికి వైద్యం కావాలి, ఎవరికి అక్కర్లేదు అని అడగడం అప్పటి నుంచి గట్టిగా మొదలైంది. 1970లలో వచ్చిన తోలుపట్టీల బ్రేసుల మీద చాలా ఆశ పెట్టుకున్నారు. 1990లలో లెక్క చూస్తే వాటివల్ల పెద్ద ఉపకారం జరగలేదని తేలింది. వాటిని క్రమంగా వదిలేశారు.

2004లో అమెరికా నుంచి జాన్ హెరింగ్, ఆయన తోటి డాక్టర్లు 438 మంది పిల్లలను చేర్చుకుని ఏళ్ళ తరబడి కనిపెట్టి చూసిన ఫలితాలు ప్రకటించారు. ఎముక తల బయటివైపు భాగం ఎంత ఎత్తు మిగిలింది, జబ్బు మొదలైనప్పుడు పిల్లవాడి వయసెంత, ఈ రెండే ముఖ్యమని తేల్చారు. ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళు, బయటి భాగం బాగా నిలబడి వుంటే, ఏ పద్ధతి పాటించినా బాగవుతారు. ఎనిమిది దాటాక మొదలైన వాళ్ళలో, నష్టం మధ్యరకంగా వున్నప్పుడు, ఆపరేషన్ చేసి తలను గుంటలోకి సర్దితే మేలు. బయటి భాగం సగానికి పైగా కూలిపోయిన వాళ్ళకు ఏం చేసినా ఫలితం అంతంతమాత్రమే. అందుకే ఆ పరిస్థితి రాకముందే గుర్తించాలి.

మన దేశంలోనూ దీనిమీద గొప్ప కృషి జరిగింది. కర్ణాటక తీరంలోని మణిపాల్ కస్తూర్బా వైద్య కళాశాలలో డాక్టరు బెంజమిన్ జోసెఫ్, ఆయన సహచరులు 1988లో ఒక సంగతి ప్రకటించారు. దక్షిణ దేశంలో మిగతా చోట్ల కంటె ఆ పశ్చిమ తీరపు మైదానంలో ఈ జబ్బు ఎక్కువ. పాశ్చాత్య దేశాల పిల్లల కంటె మన పిల్లలకు కాస్త పెద్ద వయసులో మొదలవుతుందని కూడా వాళ్ళు చూశారు. 2003లో 610 మంది పిల్లల ఎక్స్‌రేలతో జబ్బు దశలు ఎలా సాగుతాయో రాశారు. తల ఏ దశలో నలుగుతుందో తెలిస్తే, వైద్యం దానికి ముందే మొదలుపెట్టవచ్చు. ఇంకో వింత. థామస్ పనిచేసిన లివర్‌పూల్‌లో 1983లో లెక్క చూస్తే, నగరం లోపలి బీదపేటల్లో ఈ జబ్బు ఎక్కువగా కనబడింది. ఎందుకో ఇప్పటికీ తేలలేదు.

ఇక ఇంటికి సంబంధించిన మాటలు. ఈ జబ్బు ఎక్కువగా నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య వస్తుంది. ఆడపిల్లల కంటె మగపిల్లలకు నాలుగైదు రెట్లు ఎక్కువ. పదిమందిలో ఒకరికి రెండు తుంట్లకూ రావచ్చు. అంటుకునేది కాదు. కంచాలు, గ్లాసులు వేరు చేయనక్కర్లేదు.

పిల్లవాడు దెబ్బ తగలకుండా కుంటుతూ, వారం పది రోజులకు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. మోకాలు నొప్పి అని చెప్పినా "తుంటి కూడా చూడండి" అని మీరే అడగండి. అడగడం తప్పు కాదు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగా కనబడవచ్చు. కుంటడం తగ్గకపోతే కొన్ని వారాల తరవాత మళ్ళీ తీయించాలి. ఎం.ఆర్.ఐ. పరీక్షలో ఇంకా ముందే తెలుస్తుంది.

కుంటే ప్రతి పిల్లవాడికీ ఇదే జబ్బని భయపడకండి. జలుబు చేసిన తరవాత తుంటి కొన్నాళ్ళు నొప్పి పెట్టి అదే సర్దుకోవడం మామూలే. కానీ జ్వరంతో పాటు కాలు కదపనివ్వకుండా ఏడిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు, కీలులో చీము పట్టి వుండవచ్చు. క్షయ మన దేశంలో ఇంకా వుంది గనక దాన్నీ పరీక్షించి తోసిపుచ్చాలి. సికిల్ సెల్ అనే నెత్తురు జబ్బున్న వాళ్ళకు, ముఖ్యంగా మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజన పిల్లలకు, తుంటి ఎముక ఇలాగే చచ్చుబడవచ్చు. అది కూడా రక్తపరీక్షలో తెలుస్తుంది.

జబ్బు పెర్తెసే అని తేలితే డాక్టరు చెప్పిన వ్యాయామాలు విడవకుండా చేయించండి. కాళ్ళు ఎడంగా చాపే కదలిక పోకుండా చూసుకోవడం ముఖ్యం. దూకుళ్ళు, పరుగులు కొన్నాళ్ళు మానిపించాలి. నీళ్ళలో ఈత సాధారణంగా మంచిదే. మాలీషుల పేరుతో కాలు గట్టిగా గుంజనివ్వవద్దు. బడి మాన్పించకండి, టీచరుకు చెప్పి ఆటల పీరియడ్లో ఏదో ఒక పని ఇప్పించండి. ఏళ్ళ తరబడి సాగే జబ్బు కనుక మనకు ఓపిక కావాలి, వాడికి నేస్తాలు కావాలి.

మా తమ్ముడికి ఇప్పుడు షష్టిపూర్తి దగ్గర పడుతోంది. ఆ కాలు అర అంగుళం పొట్టి. చెప్పులో చిన్న అట్ట పెట్టుకుంటాడు. నాలుగు మెట్లెక్కితే ఒకసారి ఆగుతాడు. ఆ ఎనిమిది నెలలు పోకుండా వుంటే ఇంకా బాగుండేదేమో, చెప్పలేం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది అది కాదు. వాడికి ఎనిమిది నెలలప్పుడు అమ్మ చేతిలోంచి ఒకసారి జారాడట. దానివల్లే ఇలా అయిందని అమ్మ చివరిదాకా నమ్మింది. ఎవరికీ చెప్పలేదు, పోయేముందు నాకు చెప్పింది. పసితనంలో జారినందువల్ల ఇది రాదు. ఎత్తుకునే తీరు వల్లా, పెట్టే తిండి వల్లా, తిట్టిన తిట్టు వల్లా రాదు. దీనికి కారణమేమిటో నూరేళ్ళు దాటినా పెద్ద పెద్ద డాక్టర్లకే తేలలేదు. ఈ ఒక్క మాట అప్పుడే ఎవరైనా అమ్మకు చెప్పివుంటే ఎంత బాగుండేది! మీకు తెలిసిన ఏ తల్లి అయినా ఈ బాధలో వుంటే, దయచేసి ఈ మాట ఆవిడకు చెప్పండి.